వేసవి సెలవుల్లో అందరి మోడల్ రైలు మాడ్యూళ్ళూ కలుపుదాం: ఎత్తు, ప్లగ్గులు, ఎండకి వంగిన పట్టాలు

తార్నాక_లూప్ | ఏప్రిల్ 20, రాత్రి 9:12
అందరికీ నమస్కారం. పిల్లలకి సెలవులొచ్చేస్తున్నాయి. జూన్ 12న బడులు తెరిచేలోపు ఒక రోజంతా అందరి మాడ్యూళ్ళూ (పట్టా వేసిన బల్ల ముక్కలు) కలిపి మోడల్ రైళ్ళు నడపాలని అనుకున్నాం. మే ఆఖరి ఆదివారం అందరికీ కుదిరేలా ఉంది. ఇప్పటికి ఆరుగురం, అందరిదీ హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు), తొమ్మిది మాడ్యూళ్ళు, ఒక్కోటి 120 × 45 సెం.మీ. చోటు సికింద్రాబాద్‌లో ఒక టెర్రస్, పైన రేకుల షెడ్డు.

తేలాల్సినవి: నేల నుంచి పట్టా ఎత్తు ఎంత? కరెంటు ప్లగ్గు ఏది? పిల్లల చేతికి కంట్రోలర్ ఇస్తే వేగం ఎలా కట్టడి చెయ్యాలి? ముందు పలకలన్నీ ఒకేలా కనపడాలంటే ఏ రంగు?

ఇంకొక్క మాట. పోయిన ఆగస్టులో ప్లైవుడ్ మీద వేసిన 5.5 మీటర్ల తిన్నని లైను ఈ వారం పాయింటు (లైను రెండుగా చీలే చోటు) ముందు పక్కకి వంగిపోయింది. కారణం తెలిస్తే చెప్పండి.

సోల్డరు_కోఠి | ఏప్రిల్ 20, రాత్రి 9:50
ముందు ప్లగ్గు. ఆ రోజు పొద్దున్నే రెండు గంటలు తినేసేది అదే.

ఎక్స్‌టీ60 ప్లగ్గు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, చవక, గట్టిది. చిక్కల్లా ఆడ, మగ రెండు రకాలుండటం. మాడ్యూల్‌ని 180 డిగ్రీలు తిప్పి పెట్టారంటే మగకి మగే ఎదురొస్తుంది. ఆండర్సన్ పవర్‌పోల్‌కి ఆ తేడా లేదు, ఫ్రీ-మో అనే మాడ్యూళ్ళ ప్రమాణంలో అదే వాడతారు. ఎక్స్‌టీ60తోనే కానిద్దాం అంటే 15 సెం.మీ. జంపర్లు కావాలి: రెండు కొసలా మగ ఉన్నవి కొన్ని, రెండు కొసలా ఆడ ఉన్నవి కొన్ని. వాటిలో ఎరుపు, నలుపు తారుమారు చేసి అతకాలి. ఎందుకంటే తిప్పిన మాడ్యూల్‌లో ముందు పట్టా వెనక్కి పోతుంది. తిన్నగా అతికిన జంపర్ పెడితే మొదటి ఇంజను జాయింటు దాటగానే షార్టు. జంపర్లకి పసుపు టేపు చుట్టండి, మామూలు తీగల్లో కలిసిపోకుండా.

మాడ్యూల్ కింద పొడుగునా 1.5 చదరపు మి.మీ. తీగ, అక్కడి నుంచి ప్రతి పట్టా ముక్కకీ 0.5 చదరపు మి.మీ. ఫీడరు, 20 సెం.మీ. మించకుండా. జాయినర్‌ని (రెండు పట్టా కొసల్ని కలిపే ముక్క) నమ్మి ఫీడరు మానేస్తే మొదటి వానాకాలానికే ఆ ముక్క చచ్చిపోతుంది.

కలిపాక కరెంటు ఇవ్వకముందే మీటరు బీప్‌లో పెట్టి పక్కపక్క మాడ్యూళ్ళ ముందు పట్టాల మీద ముళ్ళు పెట్టండి, మోగాలి. ముందు పట్టాకీ వెనక పట్టాకీ మోగకూడదు. తర్వాత కరెంటు ఇచ్చి ప్రతి మాడ్యూల్ మీదా రూపాయి బిళ్ళ అడ్డంగా పెట్టండి. బూస్టరు (పట్టాలకి కరెంటు పంపే పెట్టె) ఆ క్షణమే ట్రిప్ కావాలి. కాలేదంటే తీగ సన్నమో, సోల్డరు సరిగా పట్టలేదో. అలా వదిలేస్తే ఏదో ఒక రోజు పట్టా తప్పిన బండి కింద ప్లాస్టిక్ స్లీపర్లు (పట్టా కింది అడ్డపట్టీలు) కరుగుతాయి.

జంపర్లు పన్నెండు నేను చేసి తెస్తాను.

మౌలాలి_ఆల్కో | ఏప్రిల్ 20, రాత్రి 10:31
వంగిన లైనుకి కారణం ఎండ, మరేం లేదు. మన పట్టా లోహం నికెల్ సిల్వర్ డిగ్రీకి మీటరుకి 17 మైక్రాన్లు సాగుతుంది. ఆగస్టులో 26 డిగ్రీలప్పుడు వేశారు, ఇప్పుడు ఆ గది 44 అనుకోండి. 5.5 మీటర్లకి 1.7 మి.మీ. దగ్గర సాగింది. జాయింట్లన్నీ సోల్డరు చేసుంటారు, ఖాళీ లేదు, పక్కకి తన్నింది. పట్టాల మధ్య సందు వదలకుండా లైను వెయ్యడం మన హైదరాబాద్‌లో తప్పు. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, ఈ పట్టాలెంత.

కర్రపని_కాప్రా | ఏప్రిల్ 20, రాత్రి 11:04
ఆల్కో అన్నా, లెక్క కరెక్టే గానీ దోషి వేరే. 1.7 మి.మీ. ఆరు జాయింట్లలో సర్దుకునేదే. అసలు పని చేసింది కింద చెక్క. ఆగస్టులో గాలి నిండా తేమ, ప్లైవుడ్ ఉబ్బి ఉంటుంది. ఏప్రిల్‌కి గాలి ఎండిపోతుంది, ప్లైవుడ్ కుంచించుకుపోతుంది. రంగు, ప్రైమరు లేని ప్లైవుడ్ మీటరుకి దాదాపు ఒక మి.మీ. ముడుచుకుంటుంది. అంటే 5.5 మీటర్లకి 5 మి.మీ. పట్టా సాగిన దానికి మూడింతలు. తార్నాక గారూ, ప్లైవుడ్ అంచులకి ప్రైమరు కొట్టారా లేదా?

మౌలాలి_ఆల్కో | ఏప్రిల్ 20, రాత్రి 11:15
అది అమెరికా వాళ్ళ రాత. వాళ్ళకి బేస్‌మెంట్లు, చలికాలం హీటర్లు, అక్కడ చెక్కే ముఖ్యం. మనది 43 డిగ్రీల ఊరు. ఇక్కడి ఎండ లెక్క ఇక్కడే కట్టాలి.

తార్నాక_లూప్ | ఏప్రిల్ 21, ఉదయం 7:20
పైన ప్రైమరు ఉంది. అంచులకి, కింద లేదు. ఎత్తు సంగతి ఎవరూ చెప్పలేదు.

పీవే_కాజీపేట | ఏప్రిల్ 21, ఉదయం 8:02
రైల్వే పర్మనెంట్ వే (పట్టాల నిర్వహణ) పనిలో 22 ఏళ్ళు. అసలు రైల్వేలో కిలోమీటర్ల పొడుగు వెల్డు చేసిన పట్టాలున్నాయి, జాయింటే లేదు. అవి ఎందుకు వంగవు? స్లీపరు పట్టాని పట్టుకుంటుంది, బ్యాలస్టు (కింది కంకర) స్లీపర్ని పట్టుకుంటుంది, సాగాలన్న బలం లోపలే ఒత్తిడిగా ఉండిపోతుంది. అందుకే వెయ్యడానికి ఒక ఉష్ణోగ్రత ఎంచుతారు, తర్వాత డీస్ట్రెసింగ్ (పట్టాలో ఒత్తిడి తీసెయ్యడం) చేస్తారు. మోడల్‌లోనూ అంతే. బ్యాలస్టుకి ఫెవికాల్ బాగా పట్టించి ఉంటే వంగేది కాదు. సందులు అక్కర్లేదు, ఎండ కాదు, చెక్క కాదు, మీ బ్యాలస్టు పని బాలేదు.

కర్రపని_కాప్రా | ఏప్రిల్ 21, ఉదయం 9:26
సార్, మీ అనుభవానికి దండం. పోలిక మాత్రం కుదరదు. అసలు పట్టా కింద నేల కుంచించుకుపోదు. మన పట్టా కింద నేలే కదులుతుంది. జిగురు ఎంత గట్టిగా పట్టిస్తే చెక్క అంత గట్టిగా పట్టాని లాగుతుంది.

ఎంత చిన్న తేడాకి ఎంత వంపో చూడండి. రెండు కొసలా బిగిసిన 30 సెం.మీ. పట్టా, 1 మి.మీ. మాత్రమే ఎక్కువైంది అనుకోండి. పక్కకి ఎంత పోతుంది? మధ్యలో దాదాపు 11 మి.మీ. స్లీపరు మేకులు పీకుకుని వచ్చేది అందుకే. ఒక మిల్లీమీటరే కదా అని ఊరుకుంటే ఇంజను నేల మీదుంటుంది.

మన ఊళ్ళో ఇంకో సంగతి కూడా గమనించాలి. ఏప్రిల్, మే నెలల్లో పట్టా సాగుతుంది, అదే సమయంలో చెక్క ముడుచుకుంటుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు. మృగశిర వచ్చాక పట్టా ముడుచుకుంటుంది, చెక్క ఉబ్బుతుంది, సందులన్నీ తెరుచుకుంటాయి. ఆల్కో అన్న చెప్పింది సగం, నేను చెప్పింది సగం కాదు, రెండూ కలిసే వంచాయి. కాకపోతే పెద్ద వాటా చెక్కదే.

మౌలాలి_ఆల్కో | ఏప్రిల్ 21, ఉదయం 9:40
ఇప్పుడు మాట మార్చావు తమ్ముడూ. రాత్రి "దోషి వేరే" అన్నావు.

పీవే_కాజీపేట | ఏప్రిల్ 21, ఉదయం 10:15
అసలు పట్టాల మీద నడిచినవాడికి ఫార్ములాలు చూపిస్తున్నారు. బ్యాలస్టు సరిగా కట్టని లైను ఏ కాలంలోనైనా వంగుతుంది. ఇంతకంటే చెప్పను.

ఎన్_అల్వాల్ | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:05
అందుకే హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలుకి రండి అంటాను. టీ-ట్రాక్ (బల్ల మీద పెట్టే చిన్న మాడ్యూళ్ళ ప్రమాణం) మాడ్యూల్ 308 మి.మీ. పొడుగు, మీద కేటో కంపెనీ రెడీమేడ్ పట్టా యూనిట్రాక్ 248, 62 ముక్కలు కలిపి 310 మి.మీ. ప్లాస్టిక్ బెడ్డుతోనే వస్తుంది, చెక్క ఉబ్బినా ముడిచినా దానికి పట్టదు. ఆ 2 మి.మీ. తేడా ఎందుకంటే పట్టాలు ఒకదాన్నొకటి పట్టుకోవాలి, చెక్కలు తగలకూడదు. కాళ్ళు అక్కర్లేదు, డైనింగ్ టేబులు మీద పెట్టుకుని నాలుగు మూలలా బోల్టులు తిప్పి మట్టం చేసుకోవడమే. రెండు పడక గదుల ఫ్లాటుకి హెచ్‌ఓ బరువే.

బ్రాడ్‌గేజ్_19 | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:48
ఎన్ అయినా హెచ్‌ఓ అయినా మన బండి మన బండిలా ఉండదు. మన గేజు (రెండు పట్టాల మధ్య దూరం) 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. మీరు నడిపేది 16.5 మీద. అది స్టాండర్డు గేజు కోసం పుట్టిన పట్టా. ముందు నుంచి చూస్తే 37 మి.మీ. వెడల్పు ఐసీఎఫ్ (పాత రకం) డబ్బా సన్నని కాళ్ళ మీద నిలబడినట్టుంటుంది. పట్టా చేత్తో వేసుకోండి, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) స్లీపర్లకి కోడ్ 83 (0.083 అంగుళం ఎత్తు) పట్టా సోల్డరు చేస్తే 19.3 ఎందుకు రాదు?

సోల్డరు_కోఠి | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2:20
వస్తుంది. తర్వాత ప్రతి బండికీ ఇరుసులు మార్చాలి, ఇంజను గేరు డబ్బా మార్చాలి, పాయింట్లన్నీ చేత్తోనే. అలాంటి బండి ఇంకెవరి మాడ్యూల్ మీదా నడవదు. కలిసి నడపాలంటే 16.5 తప్పదు. చక్రాల లోపలి దూరం 14.4 మి.మీ. ఉందో లేదో ప్రతివాళ్ళూ కాలిపర్‌తో చూసుకుని రండి, అది చాలు. 14 దగ్గరుంటే పాయింటు దగ్గర చెక్ రెయిలు (చక్రాన్ని దారిలో ఉంచే లోపలి పట్టా) మీద చక్రం ఎక్కుతుంది.

డీకోడర్_ఈసీఐఎల్ | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 3:33
ఒక్క డీకోడరు (ఇంజను లోపల ఆజ్ఞలు అందుకునే చిప్పు) కూడా 3 నంబరు మీద రాకూడదు. కొత్తది పెట్టెలోంచి తీస్తే సీవీ1లో (సీవీ అంటే డీకోడరు సెట్టింగు, 1 ఇంజను నంబరుది) 3 ఉంటుంది. ఆరుగురు ఆరు కొత్త ఇంజన్లు పట్టాల మీద పెట్టి ఒకరు రెగ్యులేటరు తిప్పితే ఆరూ కదులుతాయి. ఇంజను మీద రాసిన నంబరులో చివరి నాలుగు అంకెలు లాంగ్ అడ్రసుగా పెట్టండి. సీవీ17, 18 కంట్రోలరే రాస్తుంది, సీవీ29లో లాంగ్ అడ్రసు బిట్టు ఆన్ అయిందో లేదో చూడండి. ఇద్దరి దగ్గర ఒకే నంబరు డబ్ల్యూఏపీ-7 ఇంజను ఉంటే ముందే మాట్లాడుకోండి.

పిల్లల వేగానికి సీవీ5. 255 అంటే పూర్తి వేగం, 0 లేదా 1 పెడితే చాలా డీకోడర్లు దాన్ని కూడా పూర్తి వేగంగానే తీసుకుంటాయి, అక్కడ మోసపోవద్దు. 90 నుంచి 110 మధ్య పెట్టండి. సీవీ6 (మధ్య వేగం) అందులో సగం. సీవీ3 ఒక 15, అప్పుడు బండి కుదుపు లేకుండా ఎత్తుకుంటుంది. సీవీ4 మాత్రం 5 దాటనివ్వకండి. పిల్లలు ఆపు అనగానే ఆగాలి, లేకపోతే భయపడి ఇంకా గట్టిగా తిప్పుతారు. పాత విలువలు కాగితం మీద రాసుకుని చెయ్యండి.

తార్నాక_లూప్ | ఏప్రిల్ 21, సాయంత్రం 6:10
డీకోడర్ గారూ, చాలా థాంక్స్. ఇదే కావాల్సింది. ఎత్తు?

మౌలాలి_ఆల్కో | ఏప్రిల్ 21, సాయంత్రం 6:45
ఇంతకీ వంగిన లైను ఎలా సరిచెయ్యాలో ఎవరూ చెప్పలేదు. మినీ గ్రైండరుకి 0.6 మి.మీ. కటింగ్ బిళ్ళ పెట్టి, వంపుకి రెండు వైపులా మూడేసి స్లీపర్ల అవతల కొయ్యండి. మధ్యాహ్నం మూడింటికి, గది బాగా వేడెక్కి ఉన్నప్పుడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కోస్తే మధ్యాహ్నానికి ఆ సందు మూసుకుని మళ్ళీ తన్నుతుంది. కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, ఆ బిళ్ళ పగిలితే ముక్కలు మొహం మీదికే వస్తాయి.

కర్రపని_కాప్రా | ఏప్రిల్ 21, రాత్రి 8:12
ఇది వంద శాతం ఒప్పుకుంటాను. కోసిన ముక్క కింద పాత జిగురు తడి గుడ్డతో అరగంట నాననిచ్చి, సన్నని అట్లకాడ దూర్చి లేపండి. లాగితే స్లీపరు మేకులు ఊడుతాయి. ఆ సందులోంచే చెక్క అంచులకి ఆయిల్ ప్రైమరు రెండు కోటింగులు కొట్టెయ్యండి, కింద కూడా. చెక్క తేమ పీల్చేది ఎక్కువగా అంచుల్లోంచే.

సందు ఎంత వదలాలి అంటే అది వేసే నెలని బట్టి. వానాకాలం వేస్తే 91 సెం.మీ. ముక్కకి ఒక ఏటీఎం కార్డు మందం, 0.76 మి.మీ. మే నెలలో వేస్తే విజిటింగ్ కార్డు మందం చాలు. వంపుల్లో (లైను మలుపు తిరిగే చోట) మాత్రం సందు వద్దు, అక్కడ జాయింట్లు సోల్డరు చేసి, సందులన్నీ తిన్నని చోటికి తోసెయ్యండి. వంపులో సందుంటే పట్టా కొసలు తిన్నబడి ముక్కోణంలా తేలతాయి.

కూలరు ఉన్న గదిలో లేఅవుట్ పెట్టుకున్న వాళ్ళకి ఇంకో బాధ. పగలు కూలరు, రాత్రి బంద్. చెక్క రోజుకోసారి ఉబ్బి ముడుచుకుంటుంది. పైగా తడి గాలికి పట్టా మీద నల్లటి పొర. కూలరు గాలి నేరుగా తగలనివ్వకండి.

పీవే_కాజీపేట | ఏప్రిల్ 21, రాత్రి 8:40
వంపుల్లో సందు వద్దన్న మాట బాగుంది. అసలు లైనులోనూ వంపు దగ్గరే ఎక్కువ జాగ్రత్త.

ఎన్_అల్వాల్ | ఏప్రిల్ 21, రాత్రి 9:01
యూనిట్రాక్‌కి ఇదంతా లేదు, మళ్ళీ చెప్తున్నా.

బ్రాడ్‌గేజ్_19 | ఏప్రిల్ 21, రాత్రి 9:15
దానికి మన స్లీపరు కూడా లేదు.

మోడరేటర్ | ఏప్రిల్ 21, రాత్రి 9:30
స్కేలు గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్ళండి. పెద్దవాళ్ళ అనుభవాన్ని, చిన్నవాళ్ళ లెక్కని రెండింటినీ గౌరవించి రాయండి. కలిసి బండి నడపడానికే ఇదంతా. ఎల్‌హెచ్‌బీ రేకులు (కొత్త రకం పొడుగు డబ్బాల రైళ్ళు) తెచ్చేవాళ్ళు వంపు మాడ్యూళ్ళ గురించి కూడా మాట్లాడుకోండి.

కాచిగూడ_1916 | ఏప్రిల్ 22, ఉదయం 6:50
ఎల్‌హెచ్‌బీ డబ్బా 23.54 మీటర్లు, హెచ్‌ఓలో 271 మి.మీ. వంపు వ్యాసార్థం డబ్బా పొడుగుకి రెండున్నర రెట్లుంటే నమ్మకంగా తిరుగుతుంది, అంటే 68 సెం.మీ. మూడు రెట్లుంటే చూడ్డానికీ బాగుంటుంది. మీ మూల మాడ్యూళ్ళు 22 అంగుళాలు, అంటే 56 సెం.మీ. మాత్రమే. అక్కడ 20 డబ్బాల రేకు తోస్తే బయటికి పడిపోతుంది, లాగితే నిలబడొచ్చు. ఐసీఎఫ్ 245 మి.మీ., దానికి కాస్త మేలు. డబ్బా బరువు కూడా చూడండి: అంగుళానికి అర ఔన్సు, పైన ఒక ఔన్సు. ఐసీఎఫ్‌కి 165 గ్రాములు వస్తుంది. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా 100 గ్రాములుంటే లోపల ఇరుసుల మీద నట్లు అతికించండి, మధ్యలో కాదు.

ఎత్తు అడిగారు. ఫ్రీ-మో 50 అంగుళాలు, 127 సెం.మీ. ఎనిమిదేళ్ళ పిల్లకి అది కంటికి పైనే. ఒక మీటరు పెట్టుకోండి, అందరికీ కనిపిస్తుంది. ఎత్తు కంటే టెర్రస్ వాటం పెద్ద సమస్య. నీళ్ళు పోవడానికి మేస్త్రీ వందకి ఒకటి వాటం ఇచ్చి ఉంటాడు. తొమ్మిది మాడ్యూళ్ళు 10.8 మీటర్లు, ఆ చివర 11 సెం.మీ. తేడా. కాలి కింద ఎం8 బోల్టుకి 4 సెం.మీ. మించి రాదు. అందుకని లైను వాటానికి అడ్డంగా పరవండి, నీళ్ళు పోయే వైపు కాదు. మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం ఒకటి తెండి, స్పిరిట్ లెవెల్ ఇంత దూరానికి నమ్మకం కాదు. పక్కపక్క మాడ్యూళ్ళని 4 అంగుళాల జీ-క్లాంపులు రెండేసి పెట్టి బిగించాలి. ముందు పట్టా మట్టం, తర్వాత బిగింపు.

సోల్డరు_కోఠి | ఏప్రిల్ 22, ఉదయం 7:30
కొసల్లో పట్టాని ఇత్తడి స్క్రూలకి సోల్డరు చేసిన మాడ్యూళ్ళ వాళ్ళు ఒకటి చూసుకోండి. రెండు కొసలా బిగిస్తే 120 సెం.మీ. మాడ్యూల్ కూడా మధ్యలో వంగుతుంది. నడిమి జాయింటు ఒకటి సోల్డరు లేకుండా జారేలా ఉంచండి, రెండు వైపులా ఫీడర్లు ఉండనే ఉన్నాయి.

డీకోడర్_ఈసీఐఎల్ | ఏప్రిల్ 22, ఉదయం 8:15
రేకుల షెడ్డు కింద మే ఆఖరున పన్నెండు నుంచి నాలుగు దాకా నడపకండి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకి ఆపి, సాయంత్రం ఐదింటికి మళ్ళీ. 3డీ ప్రింటు చేసిన పీఎల్‌ఏ డబ్బాలు కారు డిక్కీలో వదలొద్దు. పీఎల్‌ఏ 60 డిగ్రీలకి మెత్తబడుతుంది, ఎండలో నిలబెట్టిన కారు లోపల అది మామూలే. పైకప్పు నడుం వంగితే మళ్ళీ తిన్నబడదు. ఏబీఎస్ అయితే తట్టుకుంటుంది. ఇంజను గేర్లకి కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకట్టేస్తుంది. ప్లాస్టిక్‌కి పనికొచ్చే గ్రీజు సూది మొన మీద వచ్చినంత చాలు.

కాచిగూడ_1916 | ఏప్రిల్ 22, ఉదయం 9:05
బ్యాలస్టు ఎవరెవరిది ఏ రంగో? తొమ్మిది మాడ్యూళ్ళకి తొమ్మిది రంగులుంటే కలిపినా కలిసినట్టుండదు. రోబో శాండ్ మన గ్రానైటే, రంగు అచ్చం మన లైను రంగు. అసలు బ్యాలస్టు రాయి 65 మి.మీ., హెచ్‌ఓలో ముప్పాతిక మి.మీ. టీ వడపోసే జల్లెడలో పడినదాన్ని పిండి జల్లెడలో మళ్ళీ పట్టి, పైన మిగిలింది తీసుకోండి, కింద పడే మెత్తటి పొడి వద్దు. కడిగి, ఎండబెట్టి, మీద అయస్కాంతం తిప్పాలి. ఇనుప రజను ఉంటే మోటారులోకి లాక్కుంటుంది.

జిగురు ఫెవికాల్ ఒక వంతు, నీళ్ళు ఒక వంతు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. ఎండాకాలం పగలు పోస్తే పైపొర క్షణాల్లో గట్టిపడుతుంది, లోపల ఇసుక అలాగే ఉంటుంది. రాత్రి పదింటికి మొదలుపెట్టండి. ముందు నీళ్ళు స్ప్రే చేసి తడిపి, ఆ తర్వాత డ్రాపరుతో స్లీపర్ల మధ్య పొయ్యండి. తెల్లారేదాకా ఫ్యాను వద్దు.

పీవే_కాజీపేట | ఏప్రిల్ 22, ఉదయం 9:40
షోల్డరు కూడా కట్టండి. స్లీపరు చివర బయట 5 మి.మీ. బ్యాలస్టు ఉండాలి, తర్వాత వాలు. చాలామంది స్లీపరు చివరికే ఆపేస్తారు. ఆ రోజు నేనూ వస్తాను, ఒక మాడ్యూల్‌కి కట్టి చూపిస్తాను.

కర్రపని_కాప్రా | ఏప్రిల్ 22, ఉదయం 9:58
తప్పకుండా రండి సార్. నా మాడ్యూల్ ఖాళీగా తెస్తాను, బ్యాలస్టు వెయ్యకుండా. ఆల్కో అన్నా, గ్రైండరు తెస్తావా?

మౌలాలి_ఆల్కో | ఏప్రిల్ 22, ఉదయం 10:20
తెస్తా. కటింగ్ బిళ్ళలు పది, కళ్ళద్దాలు మూడు జతలు. తార్నాకలో ఆ వంపు కొయ్యడానికి ముందు శనివారం మధ్యాహ్నమే వస్తాను, నువ్వు ప్రైమరు పట్టుకురా.

తార్నాక_లూప్ | ఏప్రిల్ 22, ఉదయం 11:02
వచ్చెయ్యండి ఇద్దరూ, మూడింటికి గది 42 ఉంటుంది. జీ-క్లాంపులు నా దగ్గర పది ఉన్నాయి, తొమ్మిది మాడ్యూళ్ళకి ఎనిమిది జాయింట్లు, పదహారు కావాలి. ఇంకో ఆరు ఎవరి దగ్గరున్నాయి?

ఎన్_అల్వాల్ | ఏప్రిల్ 22, ఉదయం 11:10
నా దగ్గర ఎనిమిది ఉన్నాయి, తెస్తా. పక్కన ఒక చిన్న బల్ల ఇవ్వండి, టీ-ట్రాక్ వేస్తాను.